చిన్నప్పటి క్లబ్బు రమ్మంటా ఉంది, పోవాల్నా? ముందు ఆడ నీ జాగా ఖాళీగా ఉందో లేదో చూడు

నైనా, నువ్వు రాసింది రెండుసార్లు చదివినాను. మిగతావాళ్ళకి కూడా తెలిసేట్టు నువ్వు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తా. నీది చిత్తూరు, 19 ఏళ్ళు. తొమ్మిదేళ్ళప్పటి నుంచి పద్నాలుగు దాకా ఊర్లో చిన్న క్లబ్బులో మిడ్‌ఫీల్డ్ ఆడినావు, తర్వాత బెంగళూరు అకాడమీకి పోయినావు, ఆడ నీ ఎడమ కాలు చూసి లెఫ్ట్ బ్యాక్, అంటే వెనకాల ఎడమ పక్క కాపలా కాసే డిఫెండర్ చేసినారు, ఇప్పుడు అక్కడే సూపర్ డివిజన్ లీగ్‌లో ఒక క్లబ్బు స్క్వాడ్‌లో ఉన్నావు కానీ ఈ సీజన్లో నాలుగే మ్యాచులు, నాలుగూ సబ్‌స్టిట్యూట్‌గానే. ఇంకో ఏడాది కాంట్రాక్ట్ ఉంది. ఇంతలో చిన్నప్పుడు నేర్పిన సార్ ఫోన్ చేసి వచ్చేయ్‌రా, నువ్వే కెప్టెన్, నీ పాత మిడ్‌ఫీల్డ్ జాగాలోనే ఆడు, టీమ్ అంతా నీ చుట్టూ కడతా అన్నాడు. అమ్మ కూడా బెంగళూరు చాలు ఇంక ఇంటికి రా అంటా ఉంది. పోవాల్నా వద్దా.

నేను తిరుపతిలో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తా ఉన్నా, అంతకుముందు ఆడినా, నీలాగే బయటికి పోయి మళ్ళ ఊరికి తిరిగి వచ్చినా కూడా. అందుకే ఈ ప్రశ్నకి ఊరికే రెండు లైన్లు రాసి వదిలేయలేకపోతున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. సార్ చెప్పినట్టు మిడ్‌ఫీల్డ్, కెప్టెన్ అని అయితే పోవద్దు. లెఫ్ట్ బ్యాక్‌గానే ఆడిస్తాను, సీజన్ మొత్తం వారానికి ఒక మ్యాచ్ ఉంటుంది అని సార్ మాట ఇస్తే, కాంట్రాక్ట్ తెంచుకోకుండా ఒక సీజన్ లోన్ మీద, అంటే నీ క్లబ్బు నిన్ను అరువు ఇచ్చినట్టు అయితే పో, సంతోషంగా పో. ఈ రెండిటికీ మధ్య తేడా శానా ఉంది, అది ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా.

మనోళ్ళు బార్సిలోనా కథలు బాగా చెప్తారు కదా, సొంత ఇంటికి తిరిగొచ్చినారు అని. అందులో ఇద్దరి కథ పక్కపక్కన పెట్టి చూడు. డిఫెండర్ పికే, మిడ్‌ఫీల్డర్ ఫాబ్రిగాస్. ఇద్దరూ 1987లో పుట్టినోళ్ళే, బార్సిలోనా అకాడమీ లా మాసియాలో మెస్సీతో కలిసి ఒకే పిల్లల టీమ్‌లో ఆడినారు. ఫాబ్రిగాస్ 16 ఏళ్ళకే 2003లో ఆర్సెనల్‌కి పోయినాడు, లండన్‌లో ఒక ఐరిష్ ఆవిడ ఇంట్లో ఉండి ఆడినాడు. మరుసటి ఏడాది పికే మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయినాడు. ఇద్దరూ ఎందుకు పోయినారంటే ఇంట్లో దారి కనపడక. ఇద్దరూ తిరిగి వచ్చినారు కూడా. పికే 2008లో వచ్చినప్పుడు గార్డియోలా అప్పుడే కోచ్ అయినాడు, డిఫెన్స్‌లో తురామ్ వెళ్ళిపోయినాడు, గాబ్రియెల్ మిలిటో మోకాలు దెబ్బతిని పడిపోయినాడు, పుయోల్‌కి ముప్పై ఏళ్ళు వచ్చేసినాయి. అంటే స్టాపర్ (డిఫెన్స్ మధ్యలో నిలబడేవాడు) జాగా నిజంగానే ఖాళీగా ఉంది. ఆ సీజన్లోనే మూడు కప్పులూ గెలిచినారు, 2009లో రోమ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) ఫైనల్లో 2-0 తో ఓడించింది ఎవరిని అనుకున్నావు, అతను వదిలి వచ్చిన మాంచెస్టర్ యునైటెడ్‌నే. అప్పటినుంచి 2022లో బూట్లు విప్పేదాకా ఆ జాగా దాదాపు అతనిదే.

ఫాబ్రిగాస్ 2011లో వచ్చినాడు. అప్పటికి ఆర్సెనల్‌కి కెప్టెన్, పికే కంటే పెద్ద పేరు. 2010 వరల్డ్ కప్ గెలిచిన సంబరాల్లో పుయోల్, పికే వాళ్ళు బలవంతంగా బార్సా షర్ట్ తొడిగినారు ఆయనకి, అంత ప్రేమ. కానీ మిడ్‌ఫీల్డ్‌లో చావి ఉన్నాడు, ఇనియెస్టా ఉన్నాడు, బుస్కెట్స్ ఉన్నాడు. ఒక రోజు మధ్యలో, ఒక రోజు ఫాల్స్ నైన్ (స్ట్రైకర్ జాగాలో ఉండి వెనక్కి వచ్చి ఆడేవాడు), ఇంకో రోజు బెంచ్. గోల్స్ కొట్టినాడు, 2013లో లీగ్ కూడా గెలిచినాడు, ఆటలో లోపం ఏమీ లేదు, అయినా మూడేళ్ళలో ఇది నా జాగా అని చెప్పుకోలేకపోయినాడు. 2014లో చెల్సీకి పోయినాడు, పోయిన మొదటి సీజన్లోనే ప్రీమియర్ లీగ్ గెలిచినాడు. ఒకే అకాడమీ, ఒకే బ్యాచ్, ఇద్దరూ ఇంగ్లండ్ పోయి వచ్చినోళ్ళే. ఒకాయన వచ్చినప్పుడు జాగా ఖాళీగా ఉంది, ఇంకొకాయన వచ్చినప్పుడు ఖాళీ లేదు, అంతే తేడా. ప్రేమ ఇద్దరికీ సమానమే.

ఇప్పుడు నీకు అన్నిటికంటే దగ్గరి కథ చెప్తా, జోర్డీ ఆల్బా. ఆయన చిన్నప్పుడు బార్సాలోనే, ముందు వైపు ఆడే పిల్లోడు. 2005లో పొట్టిగా ఉన్నాడని పంపించేసినారు. కోర్నెల్లా అనే చిన్న క్లబ్బుకి, ఆడినుంచి వలెన్సియాకి పోయినాడు, వలెన్సియాలో ఉనాయ్ ఎమెరీ ఆయన్ని వింగ్ నుంచి వెనక్కి లాగి లెఫ్ట్ బ్యాక్ చేసినాడు. చూసినావా, అచ్చం నీ కథే. 2012లో బార్సిలోనా 14 మిలియన్ యూరోలు పెట్టి మళ్ళ తెచ్చుకుంది. ఎవరిని తెచ్చుకుంది? వాళ్ళు పంపించేసిన వింగర్ పిల్లోడిని కాదు, వేరే ఊర్లో తయారైన లెఫ్ట్ బ్యాక్‌ని. అప్పటికి వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ అబిదాల్‌కి లివర్ మార్పిడి ఆపరేషన్ అయింది, జాగా ఖాళీ. ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఆల్బా ఆడే ఉన్నాడు, మెస్సీకి ఎడమ పక్క నుంచి వెనక్కి కోసి ఇచ్చే ఆ పాస్ నువ్వు వందసార్లు చూసుంటావు.

ఆల్బాని బార్సా వాళ్ళు రా నైనా, చిన్నప్పుడు ఆడిన జాగాలోనే ఆడు అని పిలిచి ఉంటే ఏమయ్యేది? నీ సార్ అడుగుతున్నది అదే కదా.

సార్‌ని తప్పు పట్టడం లేదు నేను. ఆయనకి నువ్వంటే ప్రాణం, ఆ ఫోన్‌లో ఒక్క మాట కూడా అబద్ధం ఉండదు. కానీ ఆయన కళ్ళల్లో నువ్వు ఇంకా పద్నాలుగేళ్ళ దగ్గరే ఆగిపోయినావు. నిన్ను ఆఖరిసారి రోజూ చూసింది అప్పుడే. ఆ వయసులో నువ్వు మిగతా పిల్లల కంటే ఒక చేతి పొడుగు ఎక్కువ ఉండుంటావు, బంతి దొరికితే నలుగురిని దాటేసేవాడివి అయ్యుంటావు, అదే ఆయన మనసులో ఉంది. నేర్పిన వాళ్ళందరికీ ఉండే జబ్బే ఇది, నాకూ ఉంది. నా దగ్గర పదేళ్ళప్పుడు గోల్ కీపింగ్ చేసిన పిల్లోడు ఇప్పుడు స్ట్రైకర్ ఆడతా ఉంటే నాకు ఇప్పటికీ వాడు కీపర్ లాగే కనిపిస్తాడు. నువ్వు మధ్యలో అయిదేళ్ళు ఇంకో ఆట నేర్చుకున్నావు. లైన్ పట్టుకోవడం, వింగర్‌ని లోపలికి రానీకుండా బయటికి తోలడం, బంతి పోగానే వెనక్కి పరుగెత్తడం, ఇవన్నీ మిడ్‌ఫీల్డర్ కెప్టెన్‌గా ఏడాది ఆడితే మెల్లగా పోతాయి. ఇంకో సంగతి, మన దేశంలో సహజంగా ఎడమ కాలితో ఆడే లెఫ్ట్ బ్యాక్‌లు తక్కువ. మంచి మిడ్‌ఫీల్డర్లు అనుకునే పిల్లోళ్ళు ప్రతి ఊర్లో పదిమంది ఉంటారు. నీ చేతిలో ఉన్న దినుసు ఏదో అది వదులుకోవద్దు.

ఇంక నా సంగతి. 1994లో నాకు 21 ఏళ్ళు, మద్రాసులో కింది డివిజన్ లీగ్‌లో ఆడతా ఉన్నా. రూమ్‌లో అయిదుగురం, నీళ్ళకి కష్టం, మెస్ తిండి కడుపుకి పట్టేది కాదు, అమ్మ చేసే సంగటి, వేరుశనక్కాయల ఊరిమిండి గుర్తొచ్చి రాత్రిపూట నిద్ర పట్టేది కాదు. అప్పుడు తిరుపతిలో నా పాత క్లబ్బు వాళ్ళు రమ్మన్నారు, కెప్టెన్ అన్నారు, నీకు చెప్పిన మాటలే నాకూ చెప్పినారు. వచ్చేసినా. మొదటి మ్యాచ్‌లోనే మూడు గోల్స్, భుజాల మీద ఎత్తుకున్నారు, గంగజాతర టైమ్ అది, ఊరంతా నన్నే చూస్తా ఉన్నట్టు అనిపించింది. రెండేళ్ళు అట్లే గడిచిపోయినాయి. ఆ టీమ్‌లో నా దగ్గర బంతి లాక్కునేవాడు ఒక్కడు కూడా లేడు. అందుకని బంతి తొందరగా వదలడం అనేది నాకు అలవాటే కాలా, కాలి దగ్గర రెండు సెకన్లు ఎక్కువ పెట్టుకునేవాడిని, ఎవరూ తప్పు అని చెప్పలేదు, గెలుస్తా ఉన్నాం కదా. ఈలోపల ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేరి సౌత్ జోన్ యూనివర్సిటీల పోటీకి టీమ్‌లో పోయినాను, ఆడ కేరళ టీమ్ ఒకటి తగిలింది. నాకంటే రెండేళ్ళు చిన్న పిల్లోడు నా మీదికి వచ్చినాడు. ఇరవై నిమిషాల్లో నాకు తెలిసిపోయింది నేను మద్రాసులో ఉన్నప్పటి కంటే నెమ్మది అయిపోయినానని. దెబ్బ తగల్లా, జబ్బు రాలా, ఊరికే తేలిక ఆట ఆడి ఆడి అట్లయిపోయినా. తర్వాతి ఏడాది క్లబ్బుకి డబ్బులు పెట్టే ఆయన ఊరు వదిలి వెళ్ళిపోయినాడు, క్లబ్బే లేకుండా పోయింది. నాకు అప్పుడు 24. మళ్ళ మద్రాసు వాళ్ళని అడగడానికి నోరు రాలా. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు, నీకోసం రాస్తున్నా.

దీనికి ఎదురు కథ కూడా నా కళ్ళతో చూసినదే. మదనపల్లి వైపు పిల్లోడు ఒకడు, గోల్ కీపర్, నా దగ్గరే మొదలుపెట్టి చెన్నై పోయినాడు. ఆడ మూడో కీపర్. కీపర్ అంటే తెలుసు కదా, ఒక్కడే ఆడతాడు, ముందున్న వాడికి దెబ్బ తగిలితే తప్ప రెండోవాడికి కూడా ఛాన్స్ రాదు, ఇంక మూడోవాడు అంటే సీజన్ మొత్తం గోల్ వెనకాల బంతులు ఏరడమే. వాడు వచ్చి సార్ నేను ఒక్క సీజన్ ఇక్కడ ఆడతా, మే నెలలో మళ్ళ పోతా అని చెప్పే వచ్చినాడు. ప్రతి మ్యాచ్ ఆడినాడు, మామూలు వారాల్లో కాలేజీ పిల్లలతో ఫ్రెండ్లీలు కూడా వదల్లా. కార్నర్లకి బయటికి రావాలంటే భయపడేవాడు, ఆ సంవత్సరంలోనే ఆ భయం పోయింది, ఎందుకంటే వారం వారం తప్పు చేసినాడు, వారం వారం గోల్ తిన్నాడు, నేర్చుకున్నాడు. మే నెలలో వెళ్ళిపోయినాడు, రెండో కీపర్‌గా తీసుకున్నారు, తర్వాత మొదటి కీపర్ అయినాడు, ఇప్పుడు స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో ఉన్నాడు. వాడు వచ్చినప్పుడే వెళ్ళే తేదీ చేతిలో పెట్టుకుని వచ్చినాడు. నాకు అట్లాంటి తేదీ ఏదీ లేదు.

పెద్ద క్లబ్బుల్లో కూడా ఈ ఏర్పాటు రాసుకునే పంపిస్తారు. కార్వహాల్ చిన్నప్పటినుంచి రియల్ మాడ్రిడ్ పిల్లోడే, 2012లో లెవర్‌కూసెన్‌కి అమ్మినారు, మళ్ళ కొనుక్కునే హక్కు పేపర్ మీద పెట్టుకుని. ఒక్క సీజన్ జర్మనీలో ఆడినాడు, 2013లో వెనక్కి తెచ్చుకున్నారు, ఆ తర్వాత ఆరు ఛాంపియన్స్ లీగ్‌లు. ఆరో దాని ఫైనల్లో, 2024లో, మొదటి గోల్ కూడా ఆయనదే. అది తిరిగి రావడం అంటే.

ఇంకో వైపు జర్మనీ ఆటగాడు గోట్జే. చిన్నప్పటినుంచి డోర్ట్‌మండ్, 2013లో బయర్న్‌కి పోయినాడు, 2014 వరల్డ్ కప్ ఫైనల్లో గెలిపించిన గోల్ కొట్టినాడు, 24 ఏళ్ళకి 2016లో డోర్ట్‌మండ్‌కి తిరిగొచ్చినాడు. ఒంట్లో ఏదో తేడా అని 2017లో బయటపడింది, మెటబాలిజం జబ్బు, నెలల తరబడి ఆట లేదు. మళ్ళ గాడిలో పడింది ఇంట్లో కాదు, ముందు ఐండ్‌హోవెన్‌లో, తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో. ఎందుకు చెప్తున్నానంటే ఆట పడిపోయినప్పుడు ఇంటికి పోతే అదే బాగవుతుంది అని మనం అనుకుంటాం. ఒక్కోసారి ఇంట్లో వాళ్ళందరూ పాత నిన్నే అడుగుతా ఉంటారు, అది ఇంకా బరువు.

సరే మన నేలకి వద్దాం. చిత్తూరుకి వస్తే నీకు ఏం దొరుకుతుంది, ఏం పోతుంది. నిజం మాట్లాడుకుందాం. మన దగ్గర గ్రౌండ్లు ఎక్కువ ఎర్ర మట్టి, ఎండాకాలం రాయి మాదిరి ఉంటుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాన పడితే వారాల తరబడి బురద. 2021 నవంబర్ వానలు గుర్తున్నాయి కదా, తిరుపతిలో వీధుల్లోనే పడవలు తిప్పాల్సి వచ్చింది, గ్రౌండ్ సంగతి అడగనే అక్కర్లేదు. అనంతపురం పిల్లలకి ఆర్డీటీ అనే సేవా సంస్థ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉంది కాబట్టి రోంత నయం. టర్ఫ్ మీద అలవాటైన మోకాళ్ళు నీవి, గట్టి నేల మీద వారానికి అయిదు రోజులు పరుగెత్తితే పిక్కలు, మడమలు నొప్పి చేస్తాయి, మొదటి నెల మెల్లగా పోవాల. ఫిజియో ఉండడు. అలిపిరి మెట్లు 3,550, ఎక్కితే దమ్ము వస్తుంది, నేను కూడా పిల్లల్ని తీసుకుపోతా, కానీ దిగేటప్పుడు మాత్రం బస్సు ఎక్కు, మెట్లు దిగడం మోకాలికి మంచిది కాదు. దొరికేది ఏమంటే మ్యాచ్. 19 ఏళ్ళకి లెఫ్ట్ బ్యాక్‌కి కావాల్సింది తొంభై నిమిషాలు. డెబ్భై అయిదో నిమిషంలో కాళ్ళు బరువెక్కినాక వింగర్ మీదికి వచ్చినప్పుడు ఏం చేయాలో ప్రాక్టీస్‌లో ఎవరూ నేర్పలేరు, ఎనభైలో సబ్‌స్టిట్యూట్‌గా దిగేవాడికి అది ఎప్పటికీ తెలీదు. అందుకే వద్దు అని ఒక్క మాటలో చెప్పడం లేదు నీకు.

కాబట్టి సార్‌కి ఫోన్ చేసి మర్యాదగానే, కానీ సూటిగా అడుగు. సార్ ఏ లీగ్ ఆడతాం, దానికి షెడ్యూల్ వచ్చిందా లేక వస్తుంది అంటున్నారా, సీజన్ మొత్తం ఎన్ని మ్యాచులు. టోర్నమెంట్లు అని చెప్తే జాగ్రత్త, మన వైపు టోర్నమెంట్ అంటే మూడు రోజులు, మొదటి రోజు ఓడితే ఇంటికే. ఇప్పుడు లెఫ్ట్ బ్యాక్ ఎవరు ఆడుతున్నారు, నేను ఆడితే ఆ పిల్లోడు ఎక్కడికి పోతాడు. నేను మిడ్‌ఫీల్డ్ ఆడను, లెఫ్ట్ బ్యాక్ ఆడతా అంటే మీకు సమ్మతమేనా. ఈ ఆఖరి ప్రశ్నకి ఆయన ఒక్క నిమిషం ఆగి సరే అంటే మంచి మనిషి, నీ మంచి కోరేవాడు. చూద్దాంలే ముందు రా అంటే మాత్రం వద్దు.

అట్లే బెంగళూరులో మీ కోచ్‌ని కూడా అడుగు, ఇది ఇంకా ముఖ్యం, నువ్వు రాసినదాంట్లో ఆయన్ని అడిగినట్టు ఎక్కడా లేదు. నాలుగు మ్యాచులే ఎందుకు ఆడినాను, నాకు ముందున్న ఆయన వచ్చే సీజన్ ఉంటాడా పోతాడా, నాలో ఏం తక్కువ. పంతొమ్మిదేళ్ళకి స్క్వాడ్‌లో నాలుగుసార్లు దింపినారంటే నిన్ను మర్చిపోయినట్టు కాదు. ముందున్నాయనకి ముప్పై రెండు ఉండి కాంట్రాక్ట్ అయిపోతా ఉంటే నువ్వు ఆర్నెల్లు ఓర్చుకోవడమే మంచిది, అప్పుడు నీ ఖాళీ జాగా చిత్తూరులో కాదు, నువ్వున్న చోటే ఉంది.

లోన్ సంగతి. కాంట్రాక్ట్ ఏడాది ఉంది కాబట్టి బ్యాగు సర్దుకుని బస్సు ఎక్కేస్తే కుదరదు. మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్ళ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సిస్టంలో ఎక్కకుండా ఆడితే నీకే చుట్టుకుంటుంది. రెండు క్లబ్బులూ రాతపూర్వకంగా ఒప్పుకోవాల, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని తేదీలు ఉండాల, ఒక కాపీ నీ దగ్గర ఉండాల, ఫోటో తీసి మీ అమ్మ ఫోన్‌లో కూడా పెట్టు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా రూల్ ప్రకారం ఒక సీజన్లో మూడు క్లబ్బులకి రిజిస్టర్ కావచ్చు కానీ మామూలుగా రెండిటికే మ్యాచులు ఆడొచ్చు, అందుకే ఊరికే ఎవరు పిలిస్తే వాళ్ళకి సంతకం పెట్టొద్దు. కాగితాలది ఏముందిలే అనుకోకు, డాని ఒల్మో సంగతి చూడు. పదహారేళ్ళకి బార్సా వదిలి జాగ్రెబ్ పోయినాడు, లైప్‌జిగ్‌లో పెద్దోడు అయినాడు, 2024లో ఇంటికి తిరిగొచ్చినాడు. క్లబ్బు డబ్బుల లెక్క కుదరక డిసెంబర్ ఆఖరికి రిజిస్ట్రేషన్ పోయింది, జనవరిలో స్పెయిన్ స్పోర్ట్స్ కౌన్సిల్ తాత్కాలికంగా అనుమతి ఇస్తేనే మళ్ళ ఆడినాడు. అంత పెద్ద క్లబ్బుకే అట్లయింది. జీతం సరిగ్గా పడతా ఉందా లేదా నువ్వు రాయలా. పడకపోతే అది వేరే లెక్క, రెండు నెలల జీతం ఆపితే రాతపూర్వకంగా చెప్పి పదిహేను రోజులు టైమ్ ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్ట్ వదులుకునే హక్కు ఆటగాడికి ఫిఫా రూల్స్‌లోనే ఉంది. ఆ పరిస్థితి ఉంటే మళ్ళ రాయి, అప్పుడు నా జవాబు మారుతుంది.

నువ్వు రాసిన ఒక లైన్ నన్ను పట్టుకుంది, సార్ రుణం ఎట్లా తీర్చుకోవాలి అని. నైనా, ఆ రుణం చిత్తూరులో మిడ్‌ఫీల్డ్ ఆడి తీర్చేది కాదు. దానికీ ఒక దారి ఉంది, మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడైనా నువ్వు వేరే దేశం క్లబ్బుకి ట్రాన్స్‌ఫర్ అయి దానికి డబ్బు మారితే, అందులో 5 శాతం నీకు 12 నుంచి 23 ఏళ్ళ మధ్య నేర్పిన క్లబ్బులకి పంచాలని ఫిఫా రూల్. 12 నుంచి 15 ఏళ్ళ దాకా ఏడాదికి మొత్తం డబ్బులో పావు శాతం వస్తుంది, 16 నుంచి అర శాతం. అది రావాలంటే ఆ వయసులో నువ్వు ఆ క్లబ్బులో రిజిస్టర్ అయినట్టు రికార్డు ఉండాల. నీది కాకపోయినా ఇప్పుడు ఆయన దగ్గర ఆడుతున్న పన్నెండేళ్ళ పిల్లలందరినీ రిజిస్టర్ చేయించమని చెప్పు, సెలవుల్లో కూర్చుని ఆ ఆన్‌లైన్ పని నువ్వే చేసిపెట్టు. సార్‌కి కంప్యూటర్ రాదని రాసినావు కదా. దానికంటే పెద్ద గురుదక్షిణ నాకైతే కనపడలా.

అమ్మ సంగతి చివరికి పెట్టినా అంటే చిన్నది అని కాదు. చిత్తూరు నుంచి బెంగళూరు 180 కిలోమీటర్లు, పలమనేరు మీద బస్సులో నాలుగు గంటలు. నెలకి రెండుసార్లు ఆదివారం రాత్రికి ఇంట్లో అన్నం తిని సోమవారం తెల్లారి బస్సుకి వెళ్ళొచ్చు. అమ్మ ఇంటికి రా అంటే ఒక్కోసారి క్లబ్బు మార్చమని కాదు, మొహం చూపించమని. పోయి పక్కన కూర్చుని అడుగు, నేను దూరంగా ఉన్నానని బాధా, లేక ఈ ఆట నమ్ముకుంటే నా గతి ఏమవుతుందో అని భయమా అని. రెండోదే అయితే ఆ భయం తప్పు కాదు. 2025 జూలైలో దేశంలోనే పెద్ద లీగ్ ఐఎస్ఎల్‌నే కొన్నాళ్ళు ఆపి పెట్టినారు, 2022లో కప్పు గెలిచిన హైదరాబాద్ క్లబ్బు ఇప్పుడు ఢిల్లీకి మారిపోయింది. అంత పెద్దోళ్ళ అడుగులే నిలకడగా లేనప్పుడు తల్లికి నిద్ర ఎట్లా పడుతుంది. అందుకని డిగ్రీ మాత్రం ఆపొద్దు, ఒక్క పేపర్ కూడా మిగల్చొద్దు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచినారు, ఆడిన ప్రతి టోర్నమెంట్ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో దాచమని అమ్మకే ఇవ్వు. ఆ కవర్ ఆమె చేతిలో ఉంటే ఆమెకి కూడా రోంత ధైర్యం.

సంక్రాంతికి ఊరికి వస్తావు కదా. తిరుపతికి ఒక రోజు రా, బూట్లు తెచ్చుకో. పొద్దున అయిదున్నరకి గ్రౌండ్‌లో ఉంటాను, మా దగ్గర కుడి వింగ్‌లో ఒక పిల్లోడు ఉన్నాడు, గాలి మాదిరి ఉరుకుతాడు. వాడిని ఎదురు పెట్టి నిన్ను తొంభై నిమిషాలు లెఫ్ట్ బ్యాక్ ఆడిస్తా. ఆ లోపల మీ కోచ్ ఏం చెప్పినాడో, సార్ ఏం చెప్పినాడో రెండూ ఇక్కడ రాయి.